నూనె రాసిన కమాన్ కట్టలు

పప్పు గిన్నెలో డీజిల్ పోసిందెవరని ప్రవీణ అడిగినప్పుడు, పోసినవాడు ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాడు.

నట్లు నానబెట్టడానికి చేతికి దొరికిన గిన్నె తీసుకున్నానన్నాడు ప్రేమ్‌కుమార్. వంటింట్లో అన్ని గిన్నెలుండగా అడుగు మందంగా ఉన్నదే చేతికెలా దొరికిందని ఆమె అడిగింది. తోమితే పోతుందన్నాడు. తోమేదెవరంది. అత్త రామసుబ్బమ్మ వసారాలో చింతపండు పిక్కలు తీస్తూ, శనగపిండి వేసి రుద్దితే వాసన పోతుందని ఇద్దరికీ కాకుండా గోడకు చెప్పింది. ప్రవీణ శనగపిండి వేసి రుద్దింది, తర్వాత నిమ్మచెక్కతో రుద్దింది. వాసన అలాగే ఉంది. గిన్నెను పెరటి గుమ్మం పక్కన బోర్లించి, "ఇంక ఇది మీ లారీకే," అంది.

"లారీకి గిన్నె కాదు, కమాన్ కట్టలు కావాలె," అన్నాడతను, గెలిచినట్టు.

కొంటా బజారులో ధర్మయ్య సావుకారి ఇంట్లో కొన్నాళ్ళుగా ఏ గొడవ మొదలైనా పెరట్లోని లారీ దగ్గరికే చేరుతోంది. ఆ ఊళ్ళో మొదటి లారీ అది, ఫార్గో కంపెనీది. చింతపండు, ఇప్పపువ్వు భద్రాచలం దాకా మోసి, ఎందుకో ఒకనాడు ఆగిపోయి, ప్రవీణ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే వెనక ఇరుసు కింద మద్ది దుంగలు పెట్టుకుని నిలబడి ఉంది. జగదల్‌పూర్‌లో పాత బళ్ళ ఊరేగింపు జరుగుతుందని తెలిసిన దగ్గర్నుంచి ప్రేమ్‌కుమార్ దానికి ప్రాణం పోసే పనిలో పడ్డాడు. ఇంజను పలికింది. క్యాబిన్‌కు ఎర్ర రంగు పడింది. ఎనభై దాటిన తండ్రిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, బస్తర్‌లో మాదీ ఒక పేరని నలుగురికీ చూపించాలని అతని కోరిక. ఊరేగింపు వచ్చే ఆదివారం.

అడ్డుపడ్డవి వెనక కమాన్ కట్టలు. ఉక్కు పట్టీలను విల్లులా వంచి, పెద్దదాని కింద చిన్నది చొప్పున పేర్చి బిగించిన ఆ జతే లారీ బరువంతా మోసేది. ఆ జత అసలు లేనే లేదు. ఏమయ్యాయని అడిగితే తుప్పు పట్టి పోయినయ్ అనేవాడు ధర్మయ్య. విజయవాడలో దొరికినవి వెడల్పు సరిపోయి పొడవు సరిపోలేదు. వరంగల్ నుంచి తెచ్చినవి పొడవు సరిపోయాయి గానీ, నడిమి బోల్టు సరిగ్గా మధ్యలో ఉంది. ఫార్గోకు అది కొంచెం ముందుకు ఉండాలి. తెలియక బిగిస్తే ఇరుసు వెనక్కి జరిగి, చక్రం మడ్‌గార్డును ఒరుసుకుంది. కొత్తవి చేసి ఇస్తామన్న రాయపూర్ కార్ఖానావాళ్ళు కొలతలకు పాత నమూనా అడిగారు. లేని వస్తువుకు నమూనా ఎక్కడ తెచ్చేది?

ఆ వెతుకులాట పోయిన వారం ఒక ఫొటో దగ్గర ఆగింది. ఎర్రబోరులో పంక్చర్లు వేసే సుమన్ ఫోనుకు పంపాడు. ఒక పొలం గట్టు మీద నిలువురాయి, దానికి అటొకటి ఇటొకటి, సగం భూమిలో సగం పైన, కొమ్ముల్లా వంగిన రెండు కమాన్ కట్టలు.

ఇంట్లో ఎవరూ అనని మాట ప్రవీణ అంది. "అది సమాధి రాయి కదండీ."

"అయితే ఏంది? ఇనుము ఇనుమే."

ఆమెనూ జీపెక్కమన్నాడు. ప్రవీణ కొట్టులో కూర్చుని అడవి ఊళ్ళ దొర్ల తెగ ఆడవాళ్ళతో బేరం చేసీ చేసీ వాళ్ళ మాట నేర్చింది. ఆడమనిషి అడిగితే పని సులువవుతుందని అతని లెక్క. ఆ లెక్క అర్థమయ్యే ఆమె చీర మార్చుకుంది. వెళ్ళకపోతే అక్కడ ఏం మాట్లాడతాడోనని భయం కూడా ఉంది.

ఎర్రబోరులో సుమన్ మోటారుసైకిలు మీద ముందు నడిచాడు. తారు రోడ్డు దిగాక వరి పొలాల మధ్య ఎర్ర మట్టి దారి. వెన్ను పట్టిన వరి గాలికి ఒరుగుతోంది. పొలాలు దాటాక నాలుగైదు ఇళ్ళు, మొదటి ఇంటి ముందు ఒక ముసలామె చేట నిండా ఉలవలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. గంగే అట ఆమె పేరు. సుమన్ పరిచయం చేసి, పంక్చర్ వాళ్ళెవరో ఎదురుచూస్తున్నారని చెప్పి వెనక్కి తిరిగాడు.

తాము కొంటా నుంచి వచ్చామని, ధర్మయ్య సావుకారి కొడుకూ కోడలూ అని ప్రవీణ చెప్పింది. గంగే చేతిలో చేట ఆగింది. ప్రేమ్‌కుమార్ ముఖం చూసింది, చాలాసేపు. ఆ చూపులో కోపం ఉంటే ప్రవీణకు కొంత తేలికగా ఉండేది.

"మీ అయ్య ఉన్నడా?"

"ఉన్నాడు. బాగున్నాడు," అన్నాడు ప్రేమ్‌కుమార్, ఎదురుగా ఉన్న గట్టు వంకే చూస్తూ. ఆ మాటతో పరామర్శ అయిపోయిందనుకున్నట్టు అటు నడిచాడు.

ఇద్దరూ అతని వెనకే వెళ్ళారు. ఫొటోలో కనిపించనిది ఒకటి అక్కడ కనిపించింది. ఆ కట్టలు నల్లగా, తడిసినట్టు మెరుస్తున్నాయి. ఇన్ని వానలు తిన్న ఇనుము మీద ఎర్ర పొడి చుక్క లేదు. ప్రేమ్‌కుమార్ వేలితో రాసి చూసుకున్నాడు. వేలికి జిడ్డు అంటింది.

"ఇప్ప నూనె," అంది గంగే. "వానలకు ముందొక పాలి, వానలెల్లినంక ఒక పాలి. తుపాకుల గొడవలకు ఊళ్ళు ఖాళీ అయిన రోజుల్ల గూడ వచ్చి పూసిపోయిన."

అతను జేబులోంచి టేపు తీశాడు.

ప్రవీణ వద్దన్నట్టు చూసింది. అతను చూడలేదు. గొంతుకు కూర్చుని మట్టి పైన కనిపించినంత మేర కొలిచి, చేత్తో మట్టి తోడి, కింద ఉన్నంత మేరా కొలవడం మొదలుపెట్టాడు. ఎవరి రాయి ఇదని ప్రవీణే అడిగింది. ఎవరో ఒకరు అడగాలి కదా అని అడిగింది.

"నా పెనిమిటి ముయాది," అంది గంగే. "ఇదే బండి. మీ అయ్య బండి."

ఆమె నిలబడే చెప్పింది. ఏడవలేదు. ఏటేటా నూనె పూసేటప్పుడు ఆ రాయితో చెప్పుకుంటూ అలవాటైన మాటల్లా ఉన్నాయవి. ముయా ధర్మయ్య దగ్గర మూటలు ఎక్కించేవాడు. ఎర్రబోరు సంతరోజున, రాత్రంతా చింతపండు మూటలు ఎక్కించి, తెల్లారాక ఎండ ముదిరితే లారీ కింద దూరి పడుకున్నాడు. ఆ సంత మైదానంలో అది తప్ప నీడ లేదు. ధర్మయ్య భోజనం చేసి వచ్చి, బండెక్కి, కిందికి చూడకుండా వెనక్కి పోనిచ్చాడు.

"పోలీసుల కాడికి పోలె మేము. పైస ముట్టలె. ఈ బండి మల్ల నడవొద్దన్నరు పెద్దలు, అంతే. మీ మామ ఒప్పుకున్నడు. కొంటా కాడికి ఎడ్లతో గుంజిపిచ్చి, ఇయ్యి ఊడదీసి తెచ్చి, తన చేత్తోనే గుంత తీసి పాతిండు. ఉప్పు పట్టుకొని ఒట్టేసిండు."

ప్రవీణకు ఆ ఒట్టు బరువు తెలుసు. ఉప్పిచ్చి చింతపండు కొన్న ఇల్లు అది. ఉప్పు మీద ఒట్టంటే కొట్టు మీద ఒట్టే.

"ఇవే ఎందుకు అడిగారమ్మా?" అంది.

గంగే ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయినట్టు కనిపించింది. "ఎల్లకిల పండుకొని పైకి సూస్తె కండ్లకు కనబడేటియ్యి ఇయ్యే గద బిడ్డా. ఆఖర్న ఆయన సూసినయ్ ఇయ్యే."

ప్రేమ్‌కుమార్ లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు. నడిమి బోల్టు కూడా ముందుకే ఉందని, పిసరు తేడా లేదని భార్యతో అన్నాడు. అప్పటిదాకా ఆ ముసలామె చెప్పిందంతా అతని చెవిన పడిందో లేదో ప్రవీణకు తెలియలేదు. పడిందని మరుక్షణం తెలిసింది.

"పెద్దమ్మా, జరిగిందేదో జరిగింది. ఇక్కడ సిమెంటుతో పక్కా మంటపం కట్టిస్త. పాలరాయి వేయించి ఆయన పేరు రాయిస్త. ఈ పాత ఇనుము నాకియ్యి."

గంగే వంగి, అతను తోడిన మట్టిని కాలితో తిరిగి గుంతలోకి నెట్టింది. తొందర లేకుండా, పాదంతో అదిమి అదిమి సర్దింది.

"ఇచ్చినోన్ని అడుగు," అంది. "ఇచ్చినోడు వచ్చి తీసుకుంట అంటే, అప్పుడు సూద్దం."

తిరుగుదారిలో పోలీసు క్యాంపు దగ్గర జీపు ఆపి జవాను పేర్లు అడిగితే ప్రేమ్‌కుమార్ చెప్పాడు. ఆ తర్వాత ప్రవీణ నోరు విప్పింది. ఎలాగూ కొలతలు దొరికాయి కదా, వాటిని రాయపూర్ కార్ఖానాకు పంపి కొత్తవి చేయించుకోవచ్చు కదా అంది. వాళ్ళు పండగ వెళ్ళాకే అంటున్నారని, ఊరేగింపు ఆదివారమని, పైగా కంపెనీనాటి అసలు సామాను ఉన్న బండికే అక్కడ గౌరవమని అతను ఓపిగ్గా వివరించాడు. ఆ ఓపిక చూస్తుంటే ప్రవీణకు ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా తన మీద తనకే రోత పుట్టింది. ఆ పెద్దలు అడిగింది ఈ కట్టలా, ఇంకో కట్టలా అని కాదు. బండి నడవకూడదన్నారు. కొత్త కాళ్ళు పెట్టి నడిపించమని తను సలహా ఇస్తోంది. కొట్లో కూర్చుని కూర్చుని తనకూ బేరమే అబ్బింది.

అయినా ఆమెకు ఒక ధైర్యం ఉంది. మామయ్య.

ధర్మయ్య మాటంటే రాతి మీద గీత అని ఊరంతా అనేది. తూకంలో ఆయన చెయ్యి వంగిందని అడవిలో ఒక్క మనిషీ అనలేదు. ఆయన ఆ లారీ దగ్గరికి పోడు. ఇంజను మొదటిసారి పలికిన రోజున పెరట్లో అందరూ చప్పట్లు కొడితే ఆయన లోపల మంచం మీదే ఉన్నాడు. స్టీరింగు పట్టడం ఎప్పుడో మానేశాడు. ఎర్రబోరు సంతకు ఎన్నడూ వెళ్ళడు, కొడుకునే పంపుతాడు. ఇన్నాళ్ళూ అవన్నీ ముసలితనపు చాదస్తాలనుకుంది. ఇప్పుడు ఒక్కొక్కటే విడివడి అర్థమవుతున్నాయి. పాపం, ఆ బరువు ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాడు. కొడుకు ఉత్సాహానికి అడ్డు చెప్పలేక ఊరుకున్నాడు. తెలిసిందని ఒక్క మాటంటే చాలు, ఆయనే ఆపుతాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్న భోజనాల వేళ అయింది. రామసుబ్బమ్మ అరటికాయ వేపుడు, మజ్జిగ పులుసు చేసింది. మామూలుగా మగవాళ్ళు తిన్నాక ఆడవాళ్ళు కూర్చుంటారు. ఆ రోజు ప్రవీణ తన కంచం కూడా తెచ్చుకుని మామకు ఎదురుగా కూర్చుంది. అత్త ఒకసారి చూసి, ఏమీ అనకుండా ఆమెకూ వడ్డించింది.

దారిలో డీజిలు కోసం ఆగినచోట ప్రేమ్‌కుమార్ జీపు దిగి, ఆమెకు వినబడనంత దూరం నడిచి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. రెండో ముద్దలోనే సంగతి బయటపెట్టాడు. కట్టలు దొరికాయని, నూటికి నూరు పాళ్ళు మనవేనని, ఆ ఊరి కుర్రాళ్ళిద్దరితో మాట్లాడానని, ఎల్లుండి గునపాలతో మనుషుల్ని పంపుతున్నానని, శుక్రవారానికి లారీ నాలుగు చక్రాల మీద నిలబడుతుందని చెప్పాడు. ఎక్కడ దొరికాయో చెప్పలేదు. రామసుబ్బమ్మ చేతిలో గరిటె గిన్నె అంచుకు తగిలి చప్పుడైంది.

"మామయ్యా," అంది ప్రవీణ. "గంగేను చూసి వచ్చాను. ముయా రాయి చూశాను."

ధర్మయ్య అన్నం కలుపుతూనే ఉన్నాడు.

ఆమె మిగతాది కూడా చెప్పింది. ఇప్ప నూనె సంగతి, ఉప్పు సంగతి. మీరు ఒట్టేశారట కదా, మీ అబ్బాయికి తెలియక చేస్తున్నాడు, ఒక్క మాట చెప్పండి అంది. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో జాలి ఉంది. ఆ జాలి ఆయనకు నచ్చలేదు.

"తెలియకేం," అన్నాడు ధర్మయ్య. "నడపనని ఒట్టేసింది నేను. నడిపేది వాడు."

ప్రవీణకు ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పరాచికమేమోనని ఆయన ముఖం చూసింది. కొట్టులో బస్తా తూచేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది ముఖం.

"నా తర్వాత ఎవరు నడపొద్దన్నది వాళ్ళు సరిగ్గ అడగలె. అడిగినంత వరకు నేను నిలబడ్డ," అన్నాడు. తర్వాత మాట ఆగలేదు. నలభై ఏళ్ళకు పైగా లోపల ఊరిన మాట కాబోలు, మెల్లగా, ఒక్కొక్క ముక్కా నమిలినట్టు బయటికొచ్చింది. "లారీ కింద మనిషి పండుకుంటడని ఎవడనుకుంటడు? నేను కావాలని చేసిన్నా? ఊరంతా చుట్టు నిలబడి, నన్ను మోకాళ్ళ మీద కూసోబెట్టి, నా బండి కాళ్ళు నా చేతనే పాతిపిచ్చిన్రు. చింతపండు మూట నెత్తిన పెట్టుకొని నా కొట్టు ముందు నిలబడేటోళ్ళు. వాళ్ళ ముందు నేను మట్టి తవ్విన. అప్పటినుంచి ఎర్రబోరు సంతల అడుగు పెట్టలె. పొద్దున లేస్తె పెరట్ల కుంటి బండి. సూసినోడల్లా ఎందుకు ఆపినవ్ సావుకారీ అని అడుగుడే."

ప్రేమ్‌కుమార్ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. తండ్రి ఇంత మనసు విప్పి మాట్లాడటం అతను ఎన్నడూ వినలేదు. తన పనికి ఆశీర్వాదం దొరికిందనిపించి ఉంటుంది.

రామసుబ్బమ్మ నెమ్మదిగా అంది, "ఆ వారమంత మీరు అన్నం ముట్టలె. పోయిన మనిషి కోసమనుకున్న నేను."

"ఎవరి కోసం?" అన్నాడు ధర్మయ్య. నిజంగానే తెలియక అడిగాడు.

మెట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో ప్రవీణ మామ ఒక్కరినే మనసారా గౌరవించింది. మొగుడు మాట జారితే మామను చూసి సరిపెట్టుకుంది. పంచాయతీలో, తూకంలో, పండగలో ఆయన వెనక నిలబడటం గొప్పనుకుంది. ఆయన మౌనానికి ఇందాక జీపులో తనే ఒక కథ అల్లి, ఆ కథకు తనే కరిగిపోయింది. అక్కడ గంగే మనిషి కోసం ఇనుముకు నూనె రాస్తుంటే, ఇక్కడ ఈయన పగకు రాసుకున్నాడు. రెండూ తుప్పు పట్టలేదు.

"ఎల్లుండి దాకా ఎందుకురా," అన్నాడు ధర్మయ్య కొడుకుతో. "రేపు పొద్దుగాల్నే పోదాం. నేను గూడ వస్త. ఇచ్చినోడు వచ్చి తీసుకోవాలన్నది గదా ఆమె? వస్త. పాతిన చేతికి తీసే హక్కు లేదా?"

గంగే చివరన అన్న ఆ మాట ప్రవీణ ఇందాక చెప్పనే లేదు. ప్రేమ్‌కుమార్ వంక చూసింది. అతను కంచంలోకి చూసుకుంటున్నాడు. ఇల్లు చేరకముందే తండ్రికీ ఫోను చేశాడన్నమాట. అన్నీ ముందే మాట్లాడుకున్నారు. ఈ భోజనం దగ్గర కొత్తగా తెలుసుకున్నది ఆమె ఒక్కతే.

ఆమె కంచంలో చెయ్యి కడిగేసుకుంది. ఆ ఇంట్లో భోజనం మధ్యలో చెయ్యి కడగడం మర్యాద కాదు. మామ వంకే చూస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"సాయంత్రం బస్సుకు నేను ఎర్రబోరు పోతున్నాను మామయ్యా. ఈ పూట గంగే ఇంట్లోనే ఉంటాను. రేపు మీరు వచ్చేసరికి ఆ రాయి పక్కన ఆమెతోపాటు కూర్చుని ఉంటాను."

"పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు ప్రేమ్‌కుమార్. "ఊళ్ళె ఏమనుకుంటరు? పోయినదానివి మళ్ళ ఏ ముఖం పెట్టుకొని వస్తవ్?"

ఆమె అతని వైపు తిరగలేదు.

"ఇందాక ఇక్కడ అన్నారు కదా, ఒట్టు నాది, నడిపేది వాడని. ఎవరి కోసం అని అత్తమ్మను అడిగారు కదా. ఆ రెండు మాటలూ అక్కడ, గంగే ముఖం చూస్తూ, ఊరందరి ముందు అనండి. నేను దొర్ల మాటలో వాళ్ళకు ఒక్క ముక్క వదలకుండా చెబుతాను. విన్నాక వాళ్ళే తవ్వి ఇస్తే తెచ్చుకోండి."

ధర్మయ్య చూపు తిప్పుకుని, కోడలు అక్కడ లేనట్టే, మజ్జిగ పొయ్యమని భార్యకు కంచం చూపించాడు.

రామసుబ్బమ్మ చేతిలో మజ్జిగ చెంబు ఉంది. ఆమె వంగలేదు.